శివరాత్రి నుంచి నవమి దాకా

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దల మాట. జనగామ జిల్లాలో పాలకుర్తి సోమేశ్వరుడి గుట్ట, మహబూబాబాద్ జిల్లాలో కురవి వీరభద్రుడి కోవెల, భూపాలపల్లి జిల్లాలో గోదావరి, ప్రాణహిత కలిసే కాళేశ్వరం. మూడు జిల్లాల జనం ఆ రాత్రి జాగారం చేసే చోట్లివి. తెల్లారి ఇంటికొచ్చేసరికి బొంతలు, చెద్దర్లు ఉతికి మూటకట్టే రోజులు మొదలైనట్టే. మాఘ బహుళ చతుర్దశి నాటి శివరాత్రి నుంచి చైత్ర శుద్ధ నవమి వరకు, మధ్యలో అధిక మాసం పడకపోతే, నలభై తిథులు. కాముని పున్నమ, ఉగాది రెండూ వీటి నడుమే వస్తాయి.

ఇంటిని, ఒంటిని, మనసును సవరించుకోవడానికి ఏడాది మొత్తంలో ఇంత అనువైన కాలం మళ్లీ దొరకదు. పొద్దున గాలి చల్లగా ఉంటుంది, ఎండ ఉతికిన బట్టను గంటలో ఆరబెడుతుంది, వాన భయం లేదు. ఇరాన్‌లో నౌరోజ్‌కు ముందు ఇల్లంతా తివాచీలతో సహా దులుపుతారు. ఐరోపా దేశాల్లో చలికాలమంతా మూసి ఉంచిన కిటికీలు ఈ రోజుల్లోనే తెరుస్తారు. అక్కడ వసంతం కష్టం గడిచాక వచ్చే ఊరట. ఇక్కడ కష్టం ముందుంది. చైత్రం వెనకాలే వైశాఖం, దాని వెంట వడగాడ్పు. 2015 మే నెలలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో కలిపి రెండు వేల మందికి పైగా వడదెబ్బకు చనిపోయినట్టు అప్పటి ప్రభుత్వ లెక్కలు చెప్పాయి. అందుకే ఈ ప్రాంతంలో వసంతపు శుభ్రత అంటే బూజు దులిపి పక్కన కూర్చోవడం కాదు. రాబోయే రెండున్నర నెలలకు ఇంటినీ మనిషినీ తయారుచేయడం. పాత పండుగల వరుసను కాస్త నిదానంగా చూస్తే ఆ తయారీకి కావలసిన పనులన్నీ అందులోనే కనిపిస్తాయి.

పని ఇంటి కప్పు మీద మొదలుపెట్టాలి. చాలామంది గోడలకు రంగులతో మొదలుపెట్టి, కప్పు దగ్గరికి వచ్చేసరికి డబ్బూ ఓపికా రెండూ అయిపోయి ఆపేస్తారు. కానీ వేసవిలో ఇంటిని వేడెక్కించేది ముందుగా కప్పే. పాతకాలపు గూన ఇంట్లో పెంకుల సందుల్లోంచి వేడిగాలి పైకి పోయేది. ఇప్పుడు ఊళ్లలో ఎక్కువగా ఉన్నవి స్లాబు ఇళ్లు, సిమెంటు రేకుల ఇళ్లు. స్లాబు పగలంతా ఎండను తాగి, రాత్రి పన్నెండు దాకా ఆ వేడిని ఇంట్లోకి వదులుతూనే ఉంటుంది. రేకు అంతసేపు దాచుకోదు కానీ మధ్యాహ్నం నిప్పులు చెరుగుతుంది.

దీనికి ఉన్న చౌకైన మందు సున్నం. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్ 3న కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పును ఎండను తిప్పికొట్టేలా మార్చాలని అందులో లక్ష్యం పెట్టుకుంది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు ఇది తప్పనిసరి. 600 చదరపు గజాలలోపు ఇళ్లకు మాత్రం ఎవరిష్టం వాళ్లది. అంటే జనగామలో, తొర్రూరులో, భూపాలపల్లిలో మామూలు కుటుంబాలను ఎవరూ బలవంతపెట్టరు, వాళ్లకై వాళ్లు చేసుకోవాలి. తెల్లటి కప్పు కింద గది రెండు నుంచి అయిదు డిగ్రీల దాకా చల్లగా ఉంటుందని ఇలాంటి ప్రయోగాలు చేసినవాళ్లు చెబుతున్నారు. ఎండాకాలం రాత్రుల్లో రెండు డిగ్రీల తేడా అంటే ఇంట్లో పసిపిల్ల నిద్రపోతుందా లేదా అన్నంత తేడా.

సున్నం వేయడంలో కొంత జాగ్రత్త కావాలి. రాతి సున్నంలో నీళ్లు పోయగానే కుతకుత ఉడుకుతుంది. ఆ సమయంలో పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు, ప్లాస్టిక్ బకెట్ వాడకూడదు. ఒక రాత్రంతా నాననిచ్చి, పొద్దున పలుచటి బట్టలో వడగట్టి, చిక్కటి మజ్జిగలా కలుపుకోవాలి. గుప్పెడు ఉప్పో కాస్త బంకో కలిపితే చేతికి అంటదు. కప్పును ముందు బాగా ఊడ్చి, తడిపి, ఆ తడి మీదే పూయాలి. పొద్దున ఎండ ముదరకముందు ఒక పూత, అది ఆరాక మర్నాడు ఇంకొకటి. మూడో పూత వేస్తే వాన పడేదాకా ఢోకా లేదు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా రాయిలా గట్టిపడుతుంది. క్షారగుణం వల్ల బూజునూ సూక్ష్మక్రిములనూ చంపుతుంది. గోడలకు సున్నం, అంచులకు జాజు తీసే పల్లె అలవాటులో అందమూ ఆరోగ్యమూ రెండూ ఉన్నది ఇందుకే. కళ్లకు అద్దాలు పెట్టుకోవడం మాత్రం మరిచిపోకూడదు. సున్నం చుక్క కంట్లో పడితే పావుగంట సేపు ధారగా నీళ్లతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పాత సిమెంటు రేకుల ఇళ్లవాళ్లకు ఒక హెచ్చరిక. వాటిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. పొడిగా గీరితే లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో జీవితాంతం ఉండిపోతుంది. గీరకుండా నీళ్లతో తడిపి, మెత్తటి గుడ్డతో తుడిచి, ఆ పైన సున్నం వేయాలి. లేదా రేకు మీద తాటికమ్మలో జొన్న చొప్పో కట్టలుగా పరిచి తాళ్లతో బిగించాలి. జనగామ వైపు తాటిచెట్లకు కొదవ లేదు.

భూపాలపల్లిలో సమస్య వేరు. సింగరేణి గనులు ఒకవైపు, చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఒకవైపు. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్క ఇళ్లలో ఉదయం తుడిచిన కిటికీ చెక్క మధ్యాహ్నానికి నల్లబడుతుంది. అక్కడ చీపురు పట్టి పొడిగా ఊడవడం వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. కింద పడుకున్న సన్నటి దుమ్ము లేచి ముక్కులోకి పోతుంది. తడిగుడ్డతో తుడవడం, పరదాలు పదిరోజులకోసారి ఉతకడం, రోడ్డు వైపు కిటికీ మూసి వెనక పెరటి వైపుది తెరవడం, గని నుంచి వచ్చినవాళ్ల పని బట్టలను ఇంట్లోకి తేకుండా బయటే నానబెట్టడం చేయాలి. సానిపి చల్లి వాకిలి ఊడ్చే పద్ధతిలో ఉన్న తెలివి ఇదే. ముందు తడి, తర్వాత చీపురు.

కట్టెల మోపులు, పిడకల గూళ్లు, పాత ఇటుకల కుప్పలు కదిలించేటప్పుడు చేతులు పెట్టకూడదు. ఎండలు ముదిరేకొద్దీ తేళ్లు, పాములు చల్లటి మూలలు వెతుక్కుంటాయి. కర్రతో కదిపి, నిమిషం ఆగి, అప్పుడు తీయాలి. పాము కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా తాడు బిగించడం ఏదీ పనికిరాదు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108 పిలిచి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చడమే. వాసాలు, దర్వాజలకు చెదలు పట్టాయేమో కూడా ఇప్పుడే చూసుకోవాలి. తొలకరికి ఉసిళ్లు లేచేసరికి ఆలస్యమైపోతుంది.

ఇంట్లో తర్వాతి పని నీళ్లు నిల్వచేసే చోటు. జనగామ మెట్ట ప్రాంతం. చెరువు నిండని ఏడు బావి, బోరు రెండూ మొహం చాటేసిన అనుభవం అక్కడి ప్రతి ముసలమ్మకూ ఉంది. అందుకే నల్లా వచ్చినా సరే వాకిట్లో గోలెం, పక్కన డ్రమ్ము, పైన ట్యాంకు ఉండాల్సిందే. ఆ జాగ్రత్త మంచిదే. కానీ డెంగీ, చికున్‌గున్యా తెచ్చే ఏడిస్ దోమ గుడ్లు పెట్టేది కూడా అదే నీళ్లలో. గుడ్డు నుంచి దోమ లేవడానికి వారం పది రోజులు చాలు. తెలంగాణలో ఆరోగ్య కార్యకర్తలు శుక్రవారం డ్రైడే అని ఇల్లిల్లూ తిరిగి చెప్పేది ఈ వారం లెక్క మీదే.

చాలామంది నీళ్లు పారబోసి, మళ్లీ నింపేసి పని అయిందనుకుంటారు. ఏడిస్ దోమ తన గుడ్లను నీటి మట్టానికి కాస్త పైన, గోలెం గోడకే అతికిస్తుంది. ఆ గుడ్లు ఎండిపోయి కూడా నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్లీ నీళ్లు తగలగానే పగులుతాయి. కాబట్టి కొబ్బరిపీచుతోనో బ్రష్‌తోనో లోపలి గోడను గట్టిగా తోమి, కడిగిన నీళ్లు ఎండలో పారబోసి, మూతగానీ పాత చీర గుడ్డగానీ గట్టిగా కట్టాలి. అటక మీది కూలర్ దింపినప్పుడు కూడా ఇదే. పోయినేటి గడ్డి తీసేసి, తొట్టి తోమి, కొత్త గడ్డి పెట్టాకే నీళ్లు పోయాలి.

తాగునీటికి రంజన్ కొనే రోజులు కూడా ఇవే. కుండ గోడలో కంటికి కనపడని రంధ్రాల గుండా నీరు బయటికి చెమర్చి ఆవిరవుతుంది. ఒక్కో గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి, అందులో ఎక్కువ భాగం కుండలోని నీటి నుంచే తీసుకుంటుంది. గాలి పొడిగా ఉంటే ఈ పని బాగా జరుగుతుంది. ఉక్కపోతతో నిండిన సముద్రతీరంలో కంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో జనగామలోనో మానుకోట అని పిలిచే మహబూబాబాద్‌లోనో కుండనీళ్లు చల్లగా ఉండేది అందుకే. కొత్త రంజన్‌ను ఒక రోజంతా నీళ్లలో నానబెట్టాలి. సబ్బు పెట్టకూడదు, మట్టి దాన్ని పీల్చుకుంటుంది. నీడన, గాలి తగిలే చోట, తడి ఇసుక మీద పెట్టాలి. తండాల్లో ఫ్రిజ్ లేని ఇళ్లలో చక్కెర జబ్బుకు ఇన్సులిన్ వాడేవాళ్లుంటే, సీసాను నీళ్లు తగలకుండా డబ్బాలో పెట్టి ఇలాంటి చిన్న కుండలో ఉంచుకోవచ్చు. ఎండాకాలంలో బీరువాలో పెట్టడం కంటే ఎన్నో రెట్లు నయం.

వంటింటి పని పెద్దది, సంబురమైనదీ. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మహబూబాబాద్ జిల్లా చేలు, కల్లాలు ఎర్రగా ఉంటాయి. మిర్చి ఏరే కూలీలు, ఆరబోసిన కల్లాలు, కేసముద్రం మార్కెట్‌కూ వరంగల్ ఏనుమాములకూ పోయే బస్తాలు. ఏడాదికి సరిపడా కారం పట్టించుకునేది ఈ రోజుల్లోనే. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ ఉండే చపాటా మిర్చి ఈ వరంగల్ ప్రాంతం సొత్తు. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కారం ఎక్కువ పడని కడుపున్నవాళ్లు మామూలు మిరపలో కొంత చపాటా కలిపి పట్టించుకుంటే తొక్కుకు రంగు తగ్గదు, గొంతు మండదు.

మిర్చి నిల్వలో అసలు శత్రువు తేమ. సరిగా ఎండని కాయలో బూజు పెరిగి అఫ్లటాక్సిన్ అనే విషం తయారవుతుంది. అది కాలేయానికి చేటు. వండినా, వేయించినా పూర్తిగా పోదు. కాయలో తేమ పదకొండు శాతం మించకూడదని ఆహార ప్రమాణాలు చెబుతాయి. ఇంట్లో తేమ కొలిచే యంత్రం ఉండదు కాబట్టి గుప్పెట్లో పట్టి ఊపితే గింజ గలగలమనాలి, తొడిమ పుటుక్కున విరగాలి. మట్టి మీద కాకుండా శుభ్రమైన టార్పాలిన్ మీద ఎండబెట్టాలి, సాయంత్రం మంచు పడకముందే కప్పాలి. నల్లమచ్చ పడ్డ కాయను చౌకగా వచ్చిందని కారంలో కలిపేస్తే ఇంటిల్లిపాదీ ఏడాది పొడుగునా తింటారు. అలాంటి కాయను పారేయాలి. దీని మీద బేరం లేదు.

మిర్చి ఏరి వచ్చిన చేతుల మంటకు నీళ్లు ఎంత పోసినా ప్రయోజనం ఉండదు. మంటపుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. ముందు నూనె రాసి రుద్ది, తర్వాత సబ్బుతో కడిగితే చాలావరకు తగ్గుతుంది. తల్లులు పసిపిల్లను ఎత్తుకునే ముందు చేయాల్సిన పని ఇది.

కొత్త చింతపండు కొట్టి గింజ తీసి, ఉప్పు చల్లి కుండకెత్తడం కూడా ఈ నెలల పనే. ఆ చింతపండుతో తోమే ఇత్తడి మాట వస్తే పెంబర్తి పేరు గుర్తుచేసుకోక తప్పదు. జనగామ దాటి హైదరాబాద్ దారిలో ఉన్న ఈ ఊరి విశ్వకర్మలు కాకతీయుల నాటి నుంచి ఇత్తడిని రేకుగా సాగదీసి, నగిషీలు చెక్కి, గుళ్ల తొడుగులూ జ్ఞాపికలూ చేస్తున్నారు. పెంబర్తి లోహ కళకు భౌగోళిక గుర్తింపు ఉంది. పండుగకు ఇత్తడి, రాగి సామాను దింపి కొత్త చింతపండుతో తోమితే పచ్చగా మెరుస్తాయి. చింతపండులోని పులుపు లోహం మీది చిలుమును కరిగించడమే అందులోని కిటుకు. సరిగ్గా ఇదే కారణం వల్ల కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు, తొక్కు, మజ్జిగ పెట్టకూడదు. ఆ పులుపు రాగిని కూడా ఆహారంలోకి లాగుతుంది. కళాయి పోయిన గిన్నెలను పక్కనపెట్టి, కళాయి వేసేవాళ్లు దొరికినప్పుడు వేయించుకోవాలి, లేదా షెల్ఫులో అలంకారంగా ఉంచుకోవాలి. మందుల డబ్బా తీసి గడువు దాటిన మాత్రలు, సగం వాడిన దగ్గు సీసాలు కూడా ఇదే ఊపులో వదిలించుకోవచ్చు.

ఇక ఒంటి సంగతి.

మనిషి శరీరం ఎండకు అలవాటు పడగలదు, కానీ ఒక్కరోజులో కాదు. వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది, చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది, గుండె అదే పనికి తక్కువ సార్లు కొట్టుకుంటుంది. చలికాలమంతా నీడపట్టున ఉన్న మనిషి ఏప్రిల్‌లో ఒక్కసారిగా కరువు పనికో, తునికాకు ఏరడానికో, ఇల్లు కట్టే పనికో దిగితే మొదటి మూడు నాలుగు రోజుల్లోనే వడదెబ్బ ప్రమాదం ఎక్కువ. ఎండలో పనిచేసే కొత్తవాళ్లకు మొదటి రోజు పూర్తి పనిలో అయిదో వంతే ఇచ్చి, రోజుకు అంతే చొప్పున పెంచాలన్నది వృత్తి ఆరోగ్య నిపుణుల సూత్రం. మేస్త్రీలు, కూలీల ముఠా పెద్దలు దీన్ని పాటిస్తే ప్రాణాలు నిలుస్తాయి. ఇంట్లో ఉండేవాళ్లు సైతం ఫాల్గుణంలోనే పొద్దున ఏడింటి ఎండలో అరగంట నడక మొదలుపెడితే ఒళ్లు మెల్లగా సిద్ధమవుతుంది.

బీపీకి నీరు పోయే మాత్రలు వాడేవాళ్లు, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు వేసవికి ముందే ఒకసారి డాక్టరును కలిసి మోతాదు అడగాలి. ఇందుకు ఇప్పుడు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి దాకా పోవాల్సిన పని లేదు. మహబూబాబాద్‌లో 2022 నవంబరులో, జనగామ, భూపాలపల్లిలో 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ముప్పై ఏళ్లు దాటిన వాళ్లకు బీపీ, షుగర్ పరీక్షలు ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలోనే చేస్తారు. ఆడవాళ్ల కోసం మంగళవారాల్లో నడిచే ఆరోగ్య మహిళ క్లినిక్‌లు 2023 మార్చి 8న మొదలయ్యాయి. ఉగాదికి కొత్త చీర కొనుక్కున్నట్టే ఒక రక్తపరీక్ష చేయించుకునే ఆనవాయితీ ప్రతి ఇంట్లో మొదలైతే ఎంత బాగుంటుంది.

ఎండలో తిరిగేవాళ్లకు ఓఆర్‌ఎస్ పొట్లం జేబులో ఉండాలి. పొట్లం మొత్తం లీటరు నీళ్లలో కలపాలి, ఒక రోజులో తాగేయాలి, మిగిలితే పారబోయాలి. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో తలగొట్టిన ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం కాబట్టి చెంచా సరిగా కొలవాలి. పెట్టెల్లో వచ్చే తియ్యటి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అని రాసి అమ్మడంపై హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి తగ్గట్టు లేని పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఒక డాక్టరమ్మ పట్టుదల దేశంలోని ప్రతి పిల్లకూ మేలు చేసింది.

వేసవి తిండి కోసం కొత్తగా కనిపెట్టాల్సింది లేదు. జొన్న గట్క, రాగి అంబలి, మజ్జిగ, పచ్చిపులుసు. తెలంగాణలో ఉగాది పచ్చడిని కొత్త కుండలో పలుచగా కలిపి గ్లాసుల్లో పోసుకుని తాగుతారు. కొత్త చింతపండు పులుసు, కొత్త బెల్లం, మామిడికాయ ముక్కలు, ఉప్పు, వేపపూత. ఎండ మొదలయ్యే రోజున ఒంటికి నీరు, ఉప్పు, తీపి కలిపి ఇవ్వడమది. నవమి నాటి పానకంలో బెల్లానికి మిరియాలు, శొంఠి తోడవుతాయి. షుగర్ ఉన్నవాళ్లు ప్రసాదమంత పుచ్చుకుని మజ్జిగకు మళ్లడం మేలు. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, చెమట పట్టని మనిషి కనిపిస్తే మాత్రం పానీయాలతో కాలయాపన చేయకూడదు. నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసురుతూ 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేని మనిషి నోట్లో చుక్క నీళ్లు కూడా పోయకూడదు.

మనసు విషయంలో ఈ ప్రాంతం దగ్గర ఉన్నంత సంపద చాలా చోట్ల లేదు. కాముని పున్నమకు ముందు రాత్రుల్లో పిల్లలు గుంపులుగా జాజిరి పాడుతూ ఇంటింటికీ తిరుగుతారు. జనం వాళ్ల జోలెలో గింజలో పైసలో వేస్తారు. మానుకోట జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులే. లంబాడీ తండాల్లో హోలీ అంటే ఏడాదికే పెద్ద పండుగ. మగవాళ్లు, ఆడవాళ్లు ఎదురెదురుగా నిలబడి లెంగి పాటలు పాడతారు, ఏడాదిలో మగపిల్లాడు పుట్టిన ఇంట్లో ఢూండ్ అనే వేడుక చేస్తారు. అప్పటికే అడవి అంచున మోదుగు చెట్లు ఆకులు రాల్చి ఎర్రగా పూసి ఉంటాయి. ఆ పూలను రాత్రి నానబెట్టి పొద్దున మరిగిస్తే కాషాయపు రంగు దిగుతుంది. చిటికెడు సున్నం వేస్తే ఇంకా ముదురుతుంది. కళ్లకు, చర్మానికి పడని రసాయన పొడులు కొనే బదులు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి రాలిన పూలు ఏరుకొస్తే పండుగ రెండు రోజుల ముందే మొదలవుతుంది.

దిగులుగా ఉన్న మనిషికి మనసు బాగయ్యాక పనిచేద్దామనిపిస్తుంది. మానసిక వైద్యులు దీన్ని తిరగేసి చూస్తారు. ముందు చిన్న పని, అదీ నలుగురితో కలిసి చేసేది, పెట్టుకుంటే దాని వెనక మనసు కదులుతుందని వాళ్లు బిహేవియరల్ యాక్టివేషన్ అనే చికిత్సలో చూపించారు. చింతపండు కొట్టే అరుగు, కారం దంచే రోలు, సున్నం వేసే గోడ అలాంటి పనులే. పిల్లలు హైదరాబాద్‌కు పోయి, ఇద్దరే మిగిలిన ముసలివాళ్ల ఇళ్లు జనగామ చుట్టుపక్కల ఊరికి కొన్ని ఉంటాయి. రైలెక్కితే రెండు గంటల్లో ఇంటికి చేరే దూరం. ఉగాది నాడు వచ్చి భక్ష్యాలు తిని సాయంత్రానికి వెళ్లిపోయే కొడుకూ కోడలూ, ఒక ఆదివారం ముందే వచ్చి అత్తమ్మతో కలిసి అటక దులిపి, మామ కళ్లద్దాలు మార్పించి, కూలర్ బిగించి వెళ్తే ఆ పెద్దవాళ్ల వేసవి ఇంకోలా ఉంటుంది. మార్చిలో పదో తరగతి, ఇంటర్ పరీక్షల ఇళ్లలో దిగులు వేరే రకం. పిల్లాడు తిండి మానేసినా, నిద్ర పోకపోయినా, తనకేదో చేసుకుంటానని ఒక్క మాటన్నా, 14416కు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ఈ టెలి మానస్ సేవ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

భూపాలపల్లి, మహబూబాబాద్ అడవుల్లో ఈ నెలల్లో తెల్లవారుజామున ఇప్పపూలు రాలుతాయి. ఏరడానికి వీలుగా ఉంటుందని కొందరు చెట్టు కింద ఆకులకు నిప్పు పెడతారు. అది అడవంతా పాకుతుంది, మొలకలు మాడిపోతాయి. చెట్టు కింద వలో పాత చీరో కడితే పువ్వు మట్టి కూడా అంటకుండా దొరుకుతుంది, శుభ్రమైన పువ్వుకు ధరా ఎక్కువే. ఆదిలాబాద్ వైపు ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. ఆ దారి ఇక్కడా తెరుచుకోవచ్చు.

మనసుకు ఊపిరి పోసే పని కోసం వెతికేవాళ్లు పక్కనే ఉన్న ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి దరిపల్లి రామయ్యను తలుచుకోవాలి. జనం వనజీవి అన్నారు, 2017లో పద్మశ్రీ వచ్చింది, 2025 ఏప్రిల్ 12న కన్నుమూశారు. కోటికి పైగా మొక్కలు నాటారని ఆయనకు పేరు. ఎండాకాలమంతా చెట్ల కింద తిరిగి విత్తనాలు ఏరి, బస్తాలకెత్తి, వాన పడగానే రోడ్ల పక్కన, కాలువ గట్ల మీద చల్లడం ఆయన పద్ధతి. చేతిలో డబ్బు లేని మనిషి కూడా చేయగల పని ఇది. బడి సెలవుల్లో పిల్లలకు అప్పగించడానికి ఇంతకంటే మంచిది కనపడదు.

చింత గింజలు వంటింట్లో పండు కొట్టినప్పుడే పోగవుతాయి. కానుగ కాయలు ఈ నెలల్లో చెట్ల కింద రాలి ఉంటాయి. రెండింటినీ నీడలో ఆరబెట్టి, గుడ్డ సంచిలో కట్టి, తేమ తగలని చోట వేలాడదీస్తే మృగశిర కార్తె దాకా ఆగుతాయి. చింత గింజ పైపొర గట్టిది కాబట్టి నాటే ముందు ఒక పగలు, ఒక రాత్రి నీళ్లలో నానబెట్టాలి. వేప విత్తు మాత్రం దాచుకునేది కాదు. పండు రాలిన రెండు మూడు వారాల్లోనే మొలకెత్తే శక్తి తగ్గిపోతుంది. అందుకే వేప కోసం ఇప్పుడే పెరట్లో ఒక మూల మట్టి గుల్లచేసి, పశువుల ఎరువు కలిపి మడి సిద్ధంగా ఉంచుకుని, వానల ముందు పండ్లు రాలగానే గుజ్జు కడిగి ఆ వారంలోనే విత్తాలి.